ఏడో నంబరు సీసా

రాత్రి షిఫ్టు దిగి
తలలో పత్తి పోగులతో నేరుగా వచ్చింది ఉరుకుందమ్మ.
మూడు దినాల జ్వరం.
ఎముకల్లో ఎవరో కూర్చుని జొన్నలు దంచుతున్నట్టు నొప్పి.
"జిన్నింగు దుమ్మేలేమ్మా, యేటా ఉండేదే"
అంది, దగ్గుకీ దగ్గుకీ నడుమ దొరికిన సందులో.

వారానికి పదిమందిని ఏరుకోవాలి నేను.
ఆదోని ఆసుపత్రిలో నా కొలువు అదే.
జ్వరం ముప్పై ఎనిమిది తాకాలి, దగ్గు ఉండాలి,
మొదలై పది దినాలు మించకూడదు.
దుమ్ము దగ్గుకు అంత జ్వరం రాదు.
ఈ వారానికి ఆమె ఏడోది.

నోరు తెరువమ్మా అంటే
వక్కతో ఎర్రబడ్డ నాలుకను చూసి ఏమనుకుంటానో అని
కొంగు అడ్డం పెట్టుకుంది.
పుల్ల గొంతు వెనక గోడకు తగలగానే
కండ్లనిండా నీళ్లు, నా మణికట్టు ఆమె పిడికిట్లో.
ఒక్క గడియ అట్లే ఉండిపోయాం,
ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా.
నాకు మాస్కు ఉంది.

గులాబి రంగు నీళ్ల సీసాలోకి పుల్ల విరిచి వేస్తుంటే
"ఇది యాడికి పోతాది?"
కర్నూలుకు.
"ఆడ్నుంచి?"
అవసరమైతే పూనాకు.
"నేను గుంతకల్లు దాటి ఎరగను మే!
నా ఉమ్మి చూడు, రైలెక్కుతాంది."

మద్దిలేటి ఆ డబ్బా మోసుకుని పదిన్నర బస్సెక్కుతాడు.
అన్నివైపులా మంచు ఇటుకలు, నడుమ పది సీసాలు,
ఒళ్లో చంటిపిల్ల మాదిరి.
ఏముందప్పా అందులో అని కండక్టరు అడిగితే
"దగ్గులు" అంటాడు.
పక్క సీటు కర్నూలు దాకా ఖాళీ.
ఎమ్మిగనూరులో టీకి దిగడు, కోడుమూరులో దిగడు.
ఎండ కిటికీ మారినప్పుడల్లా తనూ సీటు మారతాడు.

అక్కడి మిషను
నలభైసార్లు కాగి నలభైసార్లు చల్లారుతుంది.
ఇరవై ఆరో చుట్టులో
ఏడో నంబరు గీత నేల విడిచి లేచిందట.

ఇది పాతదే, కొత్తదీ.
రైకకు రెండు కుట్లు విప్పి రెండు కుట్లు మార్చుకుని వస్తుంది.
నిరుడు దీన్ని పట్టుకున్న కావలివాడే
ఈ ఏడు పక్కకు జరిగి దారిస్తాడు.
అందుకే ఎక్కడెక్కడి గొంతుల్నించో సీసాలు తెప్పించి
వచ్చే ఏటి టీకాను ఇప్పుడే ఊహించి పెట్టుకుంటారు,
మబ్బు కనబడకముందే
అప్పు చేసి విత్తనం కొన్నట్టు.
కొన్నేండ్లు పండుతుంది. కొన్నేండ్లు సగమే మొలుస్తుంది.
అయినా చేను బీడు పెట్టుకోలేం కదా.

ఫలితం చేతికొచ్చేసరికి పన్నెండు దినాలు.
జ్వరం ఎప్పుడో దిగింది, ఆమె ఎప్పుడో పనికెక్కింది.
మిల్లు గేటు దగ్గర ఆపి చెప్పాను.
"పేరుందా దానికి?"
ఉంది. అక్షరాలూ అంకెలూ కలిపి చదివాను.
"లారీ నంబరు మాదిరి ఉండాదే!"
కాసేపు ఆగి,
"టీకా ఉందంటివే. నాకేస్తారా?"

అక్టోబరులో నా ఎడమ భుజానికి వేశారు.
మద్దిలేటికీ వేశారు, సూది చూసి మొహం తిప్పుకున్నాడు.
ఆ జాబితాలో
జిన్నింగు మిల్లుకు ఒక్క వరుస లేదు.
బయట కొనాలంటే ఆమెకు నాలుగు రోజుల కూలి పైన.
ఇవన్నీ నోటిదాకా వచ్చి
నా గొంతులోనే పుల్ల పెట్టినట్టు ఆగిపోయాయి.
లోపల సైరను కూసింది.
"సరే తీమ్మా, అయినప్పుడు చూద్దాం"
అని నన్నే ఊరడించి పోయింది.

మళ్లీ బుధవారం
తలుపు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, తలల్లో అదే పత్తి.
"ఉరుకుందక్క పంపించ.
మాది రైలెక్కే దగ్గో కాదో చూస్తారంట."

ఒకామెకు ముప్పై ఏడున్నర. బిళ్లలిచ్చి పంపాను.
హుసేన్‌బీని కూర్చోమన్నాను.